లార్క్ వీధి బొంత

1983 ఫిబ్రవరి పన్నెండు, శనివారం. ఆ మధ్యాహ్నం ఒడెస్సా వంటింట్లో తిన్నవన్నీ జగన్మోహన్‌కు ఈనాటికీ వరసగా గుర్తే. ఇనుప మూకుడులో కాల్చిన మొక్కజొన్న రొట్టె, వెన్నలో మగ్గిన చిలగడదుంపలు, తను గిన్నె నిండా చేసి పట్టుకెళ్లిన నిమ్మకాయ పులిహోర, రెండు గిన్నెల్లో కాలర్డ్ ఆకుకూర. రెండు గిన్నెలెందుకంటే ఒకదాంట్లో పంది ఎముక ఉంటుంది, రెండోదాంట్లో ఉండదు. పదేళ్లకు పైగా ఆ రెండో గిన్నె ఆవిడ పొయ్యి మీద విడిగా ఉడుకుతూనే ఉంది. మొదట్లో అది ఇద్దరి కోసం. భార్య వసుమతి పోయాక ఒక్కడి కోసం. గిన్నె మాత్రం చిన్నది కాలేదు.

తిండి సగంలో ఉండగా ఒడెస్సా చెయ్యి తుడుచుకుని, ఆప్రాన్ జేబులోంచి ఒక ఉత్తరం తీసి బల్ల మీద పెట్టింది.

"చదువు మోహన్. పైకి చదువు. కోపంతోనైనా తిన్నది అరుగుతుంది."

ఒడెస్సా టిల్మన్‌కు అప్పటికి అరవై ఎనిమిదేళ్లు. నలభై ఏళ్లు నల్లపిల్లల బడిలో మూడో తరగతికి పాఠాలు చెప్పి రిటైరైంది. అట్లాంటాకు నైరుతి మూలనున్న ఆ పేటలో జగన్మోహన్ ఇంటికి ఎదురిల్లు ఆవిడది. శనివారం సాయంత్రమైతే ఆవిడ ముందుగది నిండిపోయేది. చెక్క బొమ్మలు చెక్కే మంగలి, బొగ్గుతో మనుషుల మొహాలు గీసే పోస్ట్‌మాన్, ట్రినిడాడ్ నుంచి వచ్చిన నర్సు, హైతీ నుంచి వచ్చి టాక్సీ నడిపే కుర్రాడు, అందరూ ఆ వారం చేసిందో రాసిందో పట్టుకొచ్చేవారు. చూపించేవారు, చదివేవారు, తిట్టుకునేవారు, తినేవారు. ఆ నెలలో పేట లైబ్రరీవాళ్లు మొదటిసారి వాళ్ల పనులన్నీ ప్రదర్శనకు పెడతామన్నారు.

ఉత్తరం లైబ్రరీ సూపర్‌వైజర్ ప్రెస్కాట్ రాసింది. బొమ్మలూ చెక్కడాలూ సంతోషంగా పెడతారట. శ్రీమతి టిల్మన్ ఇచ్చిన బొంత మాత్రం పెట్టరట. దాని మీద కుట్టిన పేర్లకూ ఇంటి నంబర్లకూ ఆధారం లేదట. ఇరవై ఆరున ప్రారంభోత్సవంలో, ఆవిడ పంపిన కవితల్లో వసంతం మీద రాసినది ఒక్కటి చదవవచ్చట. మూడు నిమిషాలు దాటకూడదు. వేరే అంశాలేవీ ఉండకూడదు.

"నేను పుట్టిన ఇంటికి ఆధారం లేదట," అంది ఒడెస్సా. "ఉన్న ఆధారాన్ని బుల్డోజర్ పెట్టి తోసేసిందెవరని అడగనే లేదు."

ఆవిడ పుట్టింది లార్క్ వీధిలో. ఇప్పుడు ఆ వీధి లేదు. పాతికేళ్ల కిందట ఫ్రీవే వేయడానికి ఆ వీధి వీధంతా నేలమట్టం చేశారు. ఇళ్లు పోయినవాళ్లు తలో దిక్కూ వెళ్లిపోయారు. ఒడెస్సా వాళ్లను వెతికి వెతికి, ఒక్కో ఇంటి నుంచి ఒక్కో పాత బట్ట అడిగి తెచ్చింది. పెళ్లి గౌను ముక్క, రైల్వే కూలీ చొక్కా జేబు, బడి యూనిఫాం, చర్చి టోపీ అంచు. ఒక్కో ముక్క ఒక్కో ఇల్లు. ముక్క మీద గొలుసుకుట్టుతో ఇంటి నంబరు, పేరు. నలభై ఒక్క ఇళ్లు. మధ్యలో ఆ ఇళ్లను అడ్డంగా కోస్తూ బూడిదరంగు పట్టీ ఒకటి. అది ఫ్రీవే.

ఆ బొంత చుట్టూ అంచు కుట్టింది వసుమతి.

జగన్మోహన్ చేతిలోని రొట్టెముక్క పళ్లెంలో పెట్టేశాడు.

వసుమతికి ఇంగ్లీషు పెద్దగా వచ్చేది కాదు. ఈ పేటకు వచ్చిన మొదటి వారమే తమ వరండాలో బియ్యప్పిండితో మెలికల ముగ్గు పెట్టింది. ఎదురింటి ఒడెస్సా రోడ్డు దాటి వచ్చి, నడుం మీద చెయ్యి వేసుకుని ఆ ముగ్గునే చూస్తూ నిలబడింది. గీత ఎక్కడ మొదలైందో కనిపెట్టాలని ఆవిడ పట్టుదల. కనిపెట్టలేకపోయింది. వసుమతి నవ్వి, రెండో ముగ్గు ఆవిడ చేత పెట్టించింది. ఆ రోజు నుంచి వసుమతికి ఆవిడ "అక్క". ఒడెస్సాకు ఆ పిలుపు ఎంత నచ్చిందంటే, శనివారం వచ్చేవాళ్లలో సగంమంది ఆవిడ అసలు పేరే అదనుకునేవారు.

బొంత మొదలుపెట్టినప్పుడు వసుమతి, "ఇది మా అమ్మమ్మ పాతచీరలతో కుట్టే బొంతే కదండీ!" అని ఆశ్చర్యపోయి, అంచు తనకు వదిలేయమని అడిగింది. నల్లబట్ట మీద తెల్లదారంతో మెలికల ముగ్గు కుట్టుకుంటూ పోయింది. రెండేళ్లు కుట్టింది. చివరి నెలల్లో ఆస్పత్రి మంచం మీద కూడా కుట్టింది. కుడి మూల దగ్గర ఇంకో జానెడు మిగిలుండగా, ఎనభై ఒకటి అక్టోబరులో పోయింది. ఆ జానెడూ పూర్తిచేస్తామని పేటలో ఆడవాళ్లు అన్నారు. ఒడెస్సా ఒప్పుకోలేదు. "ఎక్కడ ఆపిందో అక్కడ ఉండనివ్వండి," అంది.

ఆ బొంతను నలుగురూ చూసే గోడ మీద చూడాలని వసుమతి చివరిదాకా అనుకుంది. గోడ దొరికాక, పేర్లకు ఆధారం లేదంటున్నారు.

జగన్మోహన్ ఉత్తరాన్ని మళ్లీ మడతల్లోనే మడిచి పెట్టాడు. కాసేపు పులిహోరలో వేరుశెనగగింజలు లెక్కపెడుతున్నవాడిలా కూర్చున్నాడు. తర్వాత అడిగాడు.

"మిస్ ఒడెస్సా, లార్క్ వీధిలో ఇళ్లకు కుళాయిలుండేవా?"

"ఉండక? మేము కప్పలతో కలిసి గుంటలో తాగామనుకున్నావా?"

"అది కాదండీ. సిటీ కుళాయిలు?"

"ఇరవై ఆరులో వచ్చాయి. నాకు పదకొండేళ్లు. ఆ రోజు మా నాన్న కుళాయి కట్టెయ్యనిస్తే ఒట్టు. ఎందుకు?"

ఎందుకంటే జగన్మోహన్ పదకొండేళ్లుగా సిటీ నీటి శాఖలో డ్రాయింగ్ విభాగంలో పనిచేస్తున్నాడు. భూమి కింద ఏ పైపు ఎక్కడుందో నక్షాలో గీయడం అతని పని. కొత్త పైపు వేయాలంటే పాతది ఎక్కడుందో తెలియాలి. అందుకని ఆ ఆఫీసు బేస్‌మెంట్‌లో, ఊళ్లో కుళాయి పెట్టిన ప్రతి ఇంటికీ ఒక అట్టముక్క ఉంటుంది. వీధి, నంబరు, ఎవరి పేరు మీద ఇచ్చారు, ఏ తేదీన ఇచ్చారు, ఏ తేదీన కోసేశారు. ఇల్లు కూలిపోవచ్చు, మనిషి పోవచ్చు, ఆ కార్డు పోదు. లార్క్ వీధి పైపు ఇప్పటికీ ఫ్రీవే కింద, రెండు చివరలా మూతలు బిగించుకుని పడి ఉంది. ఆ పైపును నక్షాలో చుక్కల గీతగా అతనే గీశాడు. దాని మీద మనుషులుండేవారని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు. అది తలుచుకుంటే అతనికి సిగ్గేసింది.

సోమవారం భోజనం వేళ అతను తన ఆఫీసు కౌంటరుకే బయటివాడిలా వెళ్లి, లైనులో నిలబడి, ఫారం నింపాడు. ఎవరైనా అడిగి తీసుకోదగ్గ కాగితాలే అవి. అయినా సరే, ఉద్యోగిగా బీరువా తెరిచి తీసుకోకూడదని అతని పట్టు. కౌంటర్లో కూర్చునే ముసలాయన కళ్లజోడు పైనుంచి చూసి, "మోహన్, నువ్వు పైన మేడ మీద ఉంటావుగా?" అన్నాడు. "ఈ గంట ఉండను," అన్నాడు జగన్మోహన్. ముసలాయన ఫారం అందుకున్నాడు. నాలుగింటికల్లా నకళ్లు తీసి, రబ్బరు బ్యాండు వేసి, పేజీ పేజీకీ ముద్ర కొట్టి ఇచ్చాడు. పేజీ పేజీకీ కొట్టమని జగన్మోహన్ అడగలేదు.

ఆ సాయంత్రం ఒడెస్సా వంటబల్ల మీద బొంత పరిచి, ఇద్దరూ కార్డుకూ ముక్కకూ జత చూశారు. నలభై ఒక్క ముక్కలకూ కార్డులు దొరికాయి. ఇంకా రెండు కార్డులు మిగిలాయి. నలభై రెండో నంబరు, ఎస్టెల్ గ్రీర్. నలభై నాలుగు, ఓటిస్ ప్యాటన్.

ఒడెస్సా ఆ రెండు కాగితాలనూ దీపం దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది.

"వీధి చివర, సరి నంబర్ల వైపు. కాలవ పక్కన," అంది చివరికి. "ఎస్టెల్ నాకు జడలు వేసేది, మోహన్. నేనే మర్చిపోయాను. అవతల వాళ్లని తిడుతున్నాను గానీ, నేనే మర్చిపోయాను."

"కార్డు మర్చిపోలేదు లెండి."

మర్నాడు ఇద్దరూ లైబ్రరీకి వెళ్లారు. ప్రెస్కాట్ నకళ్లన్నీ తిరగేశాడు. మర్యాదస్థుడే. కుర్చీలు వేయించాడు, కాఫీ కావాలా అని అడిగాడు.

"చాలా ఆసక్తికరంగా ఉన్నాయి. కానీ విషయం ఇప్పుడు బోర్డు చేతిలోకి వెళ్లింది. బోర్డు మార్చి నెలాఖరున కూర్చుంటుంది."

"ప్రదర్శన ఎప్పటిదాకా?" అన్నాడు జగన్మోహన్.

"మార్చి పన్నెండు."

"అంటే ప్రదర్శన అయిపోయాక పెట్టుకోవచ్చంటారు."

"నేను అలా అనలేదే," అన్నాడు ప్రెస్కాట్. నిజంగానే అతను అలా అనలేదు. అలా అనకుండానే పని జరిపించుకోవడం వచ్చినవాడు.

బయటికి వస్తుంటే గుమ్మం పక్కన కిటికీ దగ్గర ఒడెస్సా ఆగింది. అక్కడ మర్చిపోయిన వస్తువుల అర ఉంది. ఒంటరి చేతితొడుగు ఒకటి, పిల్లల టోపీ, ఒక గొడుగు. పైన గోడకు ప్రెస్కాట్ సంతకంతో నోటీసు. కౌంటర్లో ఉన్న అమ్మాయి లేచి నిలబడింది. పేరు డెలోరిస్. మూడో తరగతిలో ఒడెస్సా దగ్గరే చదువుకుంది. పాతికేళ్లు వచ్చినా టీచర్ ఎదురుగా కూర్చోదు.

"డెలోరిస్," అంది ఒడెస్సా నోటీసు చదువుతూ, "ఇంకా పెదాలు కదుపుతూ చదువుతున్నావా?"

"లేదు మామ్."

"మంచిది. ఈ నోటీసు బాగా చదివి పెట్టుకో."

ఆ రాత్రి శ్యామ్‌సుందర్ ఫోన్ చేశాడు. జగన్మోహన్‌తో గుంటూరు కాలేజీలో చదువుకున్నవాడు. ఇప్పుడు ఊరికి ఉత్తరాన పెద్ద ఇల్లు కట్టుకుని ఓ కంపెనీలో ఇంజనీరుగా ఉన్నాడు. సంగతంతా విని గయ్యిమన్నాడు.

"ఒరే జగన్, బుద్ధుందా నీకు? మార్చి పధ్నాలుగున సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూ పెట్టుకుని, ఇప్పుడు గవర్నమెంట్‌తో ఫైటింగేంట్రా?"

"లైబ్రరీరా బాబూ."

"లైబ్రరీకి జీతాలిచ్చేదెవరు, మీ మేనమామా? రేపు ఆఫీసర్ ఫైల్ ఓపెన్ చేసి, ఏదో ట్రబుల్ చేశారట అంటే ఏం చెప్తావ్?"

"కవిత విన్నానని చెప్తా."

"పద్యాల కోసం తెనాలిలో గోడ దూకావ్, ఒప్పుకుంటా. అప్పుడు ఇరవయ్యేళ్లు. ఇప్పుడు యాభై రెండు. ముందు మోకాళ్లు చెక్ చేయించుకో." కాస్త ఆగి, గొంతు తగ్గించాడు. "అసలు ఆ పేట వదిలి ఇటు వచ్చెయ్యరా. రాధారాణి మొన్న కూడా అంది. మా స్ట్రీట్‌లోనే ఒక ఇల్లు సేల్‌కి ఉంది. ఒక్కడివీ అక్కడెందుకు?"

"శ్యామూ, డెబ్భై ఒకటిలో నేనూ వసూ మీ వైపే ముందు వచ్చాం. ఫోన్లో ఉందన్న ఇల్లు, మా మొహాలు చూశాక లేదన్నారు. ఒకటి కాదు, మూడు ఇళ్లు. మూడోచోట వసు కారు దిగనేలేదు. ఈ పేటలో అడిగినరోజే తలుపు తీశారు. తీసి, తిన్నారా అని అడిగారు."

అవతల టీవీ కట్టేసిన చప్పుడైంది.

"ఈ సంగతి ఎప్పుడూ చెప్పలేదేంట్రా," అన్నాడు శ్యామ్‌సుందర్.

"నువ్వు ఎప్పుడూ ఇల్లు చూపిస్తాననేవాడివి గానీ, అడగలేదుగా."

ఇరవై ఆరో తేదీ సాయంత్రం నాలుగున్నరకు లైబ్రరీ హాలు నిండిపోయింది. గోడల మీద పోస్ట్‌మాన్ గీసిన బొగ్గు మొహాలు, బల్లల మీద మంగలి చెక్కిన పక్షులు, సముద్రపు గడ్డితో అల్లిన బుట్టలు, హైతీ కుర్రాడు పాత ఇనుప డ్రమ్ము రేకుతో కొట్టిన సూర్యుడు. ఏ దీవికో, ఏ పొలానికో అమ్ముడుపోయిన మనుషుల మనవలూ మునిమనవలూ తమ చేతులు ఖాళీగా లేవని చెబుతున్నట్టుంది ఆ గది.

ముందువరసలో ఆరుగురు ఆడవాళ్లు పక్కపక్కన కూర్చున్నారు. ఆరుగురి మోకాళ్ల మీదా ఒకటే బొంత. మధ్యలో ఒడెస్సా. చివరి కుర్చీలో ట్రినిడాడ్ నర్సు.

ప్రెస్కాట్ గబగబా వచ్చాడు. "మిసెస్ టిల్మన్, ఈ బొంత ప్రదర్శనలో లేదని రాశాం."

"ప్రదర్శన ఎవరు చేస్తున్నారండీ? చలి."

"లోపల హీటరు ఉంది."

"హీటరు గాలి పైకి పోతుంది," అంది నర్సు. "మోకాళ్లు కిందుంటాయి. నర్సును చెబుతున్నాను."

వెనక వరసల్లో ఎవరో కిసుక్కుమన్నారు. ఫిబ్రవరిలో ముసలివాళ్ల ఒళ్లో కప్పుకున్న దుప్పటి లాగేయడం నలుగురి ముందు బావుండదని ప్రెస్కాట్‌కు తోచింది. గడియారం చూసుకుంటూ వెళ్లి కూర్చున్నాడు.

జగన్మోహన్ రెండో వరసలో, జేబులో కార్డుల నకళ్లతో కూర్చున్నాడు. ఏం చేయాలో అతనూ ఒడెస్సా మాట్లాడుకోలేదు. "కాగితాలు తెచ్చుకో," అని మాత్రం అంది ఆవిడ.

ఒడెస్సా లేచింది. బొంత జారకుండా పక్కావిడ పట్టుకుంది. మైకు అవసరం లేని గొంతు ఆవిడది. వసంతం మీద కవిత చదివింది.

*మా వాకిట్లో కుళాయి కింద*
*పుదీనా మళ్లీ మొలిచింది.*
*మంచు పడితే చచ్చిందన్నారు,*
*మట్టి కప్పితే మర్చిపోతుందన్నారు.*
*ఎవరు నాటారని అడక్కు.*
*ఎవరు నీళ్లు పోశారో అడుగు.*

అంతే. ముప్పై సెకన్లు పట్టలేదు. జనం చప్పట్లు కొట్టారు. ప్రెస్కాట్ ధన్యవాదాలు చెప్పడానికి తేలిగ్గా లేచాడు.

నాలుగేళ్ల కిందట వసుమతి తనను మొదటిసారి శనివారం సభకు లాక్కెళ్లిన సాయంత్రం జగన్మోహన్‌కు గుర్తొచ్చింది. ఆ రోజు ఒడెస్సా కవిత వింటూ ఒళ్లు మర్చిపోయి, తెనాలి పందిట్లో కూర్చున్నట్టు, చెయ్యెత్తి "వన్స్ మోర్!" అని అరిచాడు. గదంతా గతుక్కుమంది. "ఏం, మొదటిసారి వినబడలేదా?" అన్నాడు మంగలి. సిగ్గుతో చచ్చిపోతూ, మా ఊళ్లలో పద్యం నచ్చితే అలాగే అరుస్తామనీ, నటుడు మళ్లీ పాడాల్సిందేననీ, చచ్చిపోయిన పాత్ర అయినా లేచి కూర్చుని పాడి మళ్లీ చచ్చిపోతుందనీ వివరించాడు. ఒడెస్సా పడీపడీ నవ్వి, మళ్లీ చదివింది. అప్పటి నుంచి ఆ గదిలో అది చెల్లుబాటైపోయింది.

కానీ ఇది ఆ గది కాదు. ఎదురుగా ప్రెస్కాట్. మార్చి పధ్నాలుగున చేతిలో ఫైలుతో కూర్చోబోయే ఆఫీసరెవరో కూడా కళ్లముందు కనబడ్డాడు. పదమూడేళ్లుగా ఈ దేశంలో జగన్మోహన్ ఒక్క పార్కింగ్ జరిమానా కూడా తెచ్చుకోలేదు.

నర్సు మోకాలి మీదుగా బొంత మూల వేలాడుతోంది. తెల్లదారం మెలిక తిరిగి, తిరిగి, ఒకచోట ఆగిపోయింది. తర్వాత జానెడు నల్లబట్ట.

"వన్స్ మోర్," అన్నాడు.

గొంతు పీలగా వచ్చింది. ప్రెస్కాట్ చెవి ఇటు పెట్టి, "ఏమన్నారు?" అన్నాడు.

జగన్మోహన్ లేచి నిలబడ్డాడు. "వన్స్ మోర్!"

అప్పుడు హాలు వెనక నుంచి, గోడలు అదిరేలా, నేల టికెట్టు గొంతుతో ఇంకో అరుపు: "వన్స్ మోర్!"

అందరి తలలూ తిరిగాయి. ద్వారం దగ్గర సూటూ బూటూ వేసుకున్న శ్యామ్‌సుందర్. పక్కన పట్టుచీర మీద ఓవర్‌కోటు వేసుకున్న అతని భార్య రాధారాణి. "మళ్లీ అరవండి, వాళ్లకి వినబళ్లేదు," అంటోంది ఆమె తెలుగులో. ఆ తర్వాత మంగలి అరిచాడు, పోస్ట్‌మాన్ అరిచాడు, హాలంతా అరిచింది.

ఒడెస్సా నింపాదిగా మళ్లీ చదివింది. *ఎవరు నీళ్లు పోశారో అడుగు* అని ఆగి, జగన్మోహన్ వైపు చూసింది. మూడో తరగతి పిల్లాణ్ణి లేపినట్టు గడ్డం కాస్త ఎత్తింది.

అతను జేబులోంచి నకళ్లు తీశాడు.

"లార్క్ వీధి, రెండో నంబరు. హెన్రీ బాట్స్. కుళాయి ఇచ్చింది 1926 మే మూడు. కోసేసింది 1957 సెప్టెంబరు."

"నీళ్లు పోశాడు!" అంది హాలు. ఎవరూ నేర్పలేదు. చర్చిలో అలవాటైన గొంతులు.

"నాలుగో నంబరు. లుసిండా వేర్."

"నీళ్లు పోసింది!"

ముందువరసలో ఆడవాళ్లు అతను చదివిన పేరున్న ముక్కను బొంత మీద వేలితో తడుముతూ పోయారు. ఆరో నంబరు దగ్గర ప్రెస్కాట్ అడ్డొచ్చాడు.

"మిసెస్ టిల్మన్, కార్యక్రమంలో ఒక్క అంశమే అని ఒప్పుకున్నాం."

"ఒక్కటే కదండీ. అదే కవిత. అడిగారని మళ్లీ చదివాను."

"ఈ పెద్దమనిషి ఇంకేదో చదువుతున్నారు."

"చదవడం లేదు. జవాబు చెబుతున్నాడు. అడగమని కవితలోనే ఉంది. ఆ కవితను ఎంచింది మీరే."

ప్రెస్కాట్ చెవులు ఎర్రబడ్డాయి. జగన్మోహన్ వైపు తిరిగి, జేబులోంచి పెన్ను తీశాడు. "సర్, మీ పేరు?"

వెనక శ్యామ్‌సుందర్ ఊపిరి బిగపట్టడం తనకు వినబడిందనే జగన్మోహన్ ఇప్పటికీ అంటాడు. ఈ ఊళ్లో అందరూ అతన్ని మోహన్ అనే పిలుస్తారు. పలకడానికి ఇబ్బంది పడతారని అతనే మిగతాదంతా కత్తిరించి ఇచ్చాడు.

"చింతలపాటి జగన్మోహనరావు," అన్నాడు. "సిటీ నీటి శాఖలో పని. ఈ బొంతకు అంచు కుట్టింది నా భార్య, చింతలపాటి వసుమతి. రెండు పేర్లూ రాసుకోండి. పెద్దవే. నిదానంగా చెబుతాను."

ప్రెస్కాట్ పెన్ను కాగితం మీద ఆగిపోయింది. వెనక నుంచి ఒక ముసలి గొంతు, "చెప్పు నాయనా, చెప్పు," అంది. జగన్మోహన్ కార్డు తిప్పాడు.

"ఎనిమిదో నంబరు..."

ఆరింటికి పావుగంట ఉందనగా ప్రెస్కాట్ డెలోరిస్‌ను పిలిచి దీపాలు ఆర్పమన్నాడు. "స్విచ్చుల గదికి తాళం వేసుంది సార్. చెవి ఎక్కడ పెట్టానో చూస్తాను," అని డెలోరిస్ బల్ల సొరుగులన్నీ ఒక్కొక్కటే లాగి, ఒక్కొక్కటే మూసింది. తాళంచెవి ఆకుపచ్చ రిబ్బనుతో ఆమె మెడలోనే వేలాడుతోంది. జగన్మోహన్ చూశాడు. చూసి, తర్వాతి కార్డు చదివాడు.

నలభై రెండో నంబరుకు వచ్చేసరికి అతని గొంతు బొంగురుపోయింది. "ఎస్టెల్ గ్రీర్," అన్నాడు.

"నీళ్లు పోసింది" అని ఎవరూ అనకముందే, గోడ పక్కన నిలబడ్డ ఒక పెద్దాయన టోపీ తీశాడు.

"మా అమ్మ," అన్నాడు. తర్వాత ఏం చెప్పాలో తెలియనట్టు చుట్టూ చూశాడు. "ఆ కుళాయి కారేది. రాత్రంతా కారేది. చప్పుడు వినబడకుండా మా అమ్మ దానికో గుడ్డపీలిక కట్టేది."

ఎవరో నవ్వారు. ఆ నవ్వు సగంలోనే ఏడుపైంది. ఒడెస్సా వరస దాటి వెళ్లి, ఆయన చెయ్యి పట్టుకుని, "నాకో గుడ్డముక్క బాకీ ఉన్నావు," అంది. ఆయన మెడలోని రుమాలు విప్పి అక్కడికక్కడే ఇచ్చేశాడు.

ఆరు దాటాక జనం కదిలారు. రాధారాణి ట్రినిడాడ్ నర్సుకు తన పట్టుచీర అంచు చూపిస్తోంది. శ్యామ్‌సుందర్ వచ్చి జగన్మోహన్ భుజం మీద ఒకటి గట్టిగా వేశాడు.

"చంపేశావురా! ఫుల్ నేమ్ ఇచ్చావేంట్రా, ఇంటిపేరుతో సహా?"

"అడిగాడుగా."

"పధ్నాలుగున నేను లీవ్ పెట్టి డ్రైవ్ చేస్తా. లోపలికి రానివ్వకపోతే బయట కూర్చుంటా. ఏం?"

జగన్మోహన్ తలూపాడు.

కోటు తొడుక్కుంటూ చూస్తే, ముందువరస కుర్చీల మీద బొంత అలాగే పరిచి ఉంది. "మిస్ ఒడెస్సా, బొంత..."

"ఏ బొంత?" అంది ఒడెస్సా, అతని మోచెయ్యి పట్టుకుని గుమ్మం వైపు లాక్కుపోతూ. "ముసలిదాన్ని. మతిమరుపు."

గుమ్మం దగ్గర ప్రెస్కాట్ టోపీ పెట్టుకుంటున్నాడు. డెలోరిస్ బొంతను రెండు చేతులా ఎత్తుకొచ్చి, మర్చిపోయిన వస్తువుల అర దగ్గర నిలబడింది. అర చాలలేదు. కిటికీకి అడ్డంగా ఉన్న కర్ర మీద పరిచింది. నలభై ఒక్క ఇళ్లూ వీధిలోకి తిరిగాయి.

"ఇదేమిటి?" అన్నాడు ప్రెస్కాట్.

"ఎవరో మర్చిపోయారు సార్. మొదటి వరసలో దొరికింది." డెలోరిస్ గోడ మీద నోటీసు చదివింది. పెదాలు బాగా కదిపి, పైకి చదివింది. "దొరికిన వస్తువులు యజమాని వచ్చి అడిగేవరకు ముప్పై రోజులు అందరికీ కనబడేలా ఉంచవలెను." తర్వాత, "కింద మీ సంతకం ఉంది సార్," అంది.

ముప్పై రోజులంటే మార్చి ఇరవై ఎనిమిది. ప్రదర్శన ముగిశాక ఇంకో పదహారు రోజులు. ప్రెస్కాట్ ఆ లెక్క వేసుకున్నట్టే ఉన్నాడు. బొంత వైపూ, డెలోరిస్ వైపూ, వెనక నిలబడ్డ మనుషుల వైపూ చూశాడు. "చీటీ కట్టండి. తేదీ వేయండి," అని మాత్రం అని, మెట్లు దిగి వెళ్లిపోయాడు.

జగన్మోహన్ పేవ్‌మెంట్ మీద ఆగాడు. అద్దం వెనక కుడిమూల సరిగ్గా అతని కళ్లెదుట పడింది. తెల్లదారం ఆగిన చోటు, ఆ జానెడు నల్లబట్ట, వీధిదీపం వెలుగులో స్పష్టంగా కనబడుతున్నాయి. అతను కోటు గుండీలు పెట్టుకోవడం మర్చిపోయి నిలబడ్డాడు. ఒడెస్సా వచ్చి పక్కన నిలబడి, ఆ గుండీలు పెట్టింది.

లోపల డెలోరిస్ ఒక్కో దీపం ఆర్పుకుంటూ వచ్చింది. కిటికీ మీది దీపం దగ్గర ఆగి, దాన్ని అలాగే వదిలేసింది. బయటికి వచ్చి, మెడలోని ఆకుపచ్చ రిబ్బను తీసి, లోపల ఎవరో నిద్రపోతున్నట్టు చప్పుడు కాకుండా తలుపు వేసింది.